‘ఓపెన్’ క్రియ – చైనీయ అభ్యాసకుల ప్రయోగం: సమానార్థక నిఘంటువులపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఇంగ్లీషు నేర్చుకొనే చైనీయ విద్యార్థులు ‘టర్న్ ఆన్ ది లైట్’ అనవలసిన చోట ‘ఓపెన్ ది లైట్’ అనడం భాషాబోధకులకు చిరపరిచితమైన ప్రయోగం. మాతృభాషా ప్రభావం వల్ల కలిగిన దోషంగా దీన్ని పేర్కొని విడిచిపెట్టడం పరిపాటి. ఆ వివరణ సగం మాత్రమే నిజమని ఈ వ్యాసం వాదిస్తుంది. విద్యార్థికి ‘ఓపెన్’ అర్థం తెలియకపోవడం ఇక్కడి సమస్య కాదు. ఒక క్రియకు ఎదురుగా మరొక క్రియను నిలిపి, అదే అర్థమని చెప్పే నిఘంటు పద్ధతే ఆ ప్రయోగానికి దారి తీస్తున్నది. చైనీయ భాషలోని ‘ఖాయ్’, ఇంగ్లీషులోని ‘ఓపెన్’, తెలుగులోని ‘తీయు’, ‘వేయు’ క్రియల అర్థపరిధులను పక్కపక్కన పెట్టి చూడడం ద్వారా ఈ వాదాన్ని నిరూపించే ప్రయత్నం చేశాను.

కీలకపదాలు: ఓపెన్, ఖాయ్, తీయు, వేయు, అర్థపరిధి, ద్విభాషా నిఘంటువు, పదసాహచర్యం, యోగ్యత, రూఢి.

1. ప్రస్తావన

పరభాషలోని ఒక మాటకు అర్థమేమిటని విద్యార్థి అడిగితే మనం వెంటనే మన భాషలోని ఒక మాట చెబుతాం. చెట్టు, నీరు, చేయి వంటి నామవాచకాల దగ్గర ఈ పద్ధతికి పెద్దగా ఇబ్బంది రాదు. క్రియల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. క్రియకు కర్త, కర్మ కావాలి. ఏ కర్మతో ఏ క్రియ కలుస్తుందన్నది ప్రతి భాషా తనంతట తాను నిర్ణయించుకున్న విషయం. అన్నం తింటాం, మందు వేసుకుంటాం, కాఫీ తాగుతాం. దెబ్బలు కూడా తింటాం. ‘తిను’ అంటే ‘ఈట్’ అని నేర్చుకున్న పరభాషీయుడికి దెబ్బలను గురించి ఏమీ తెలియదు.

ఈ చిక్కును చూపడానికి ‘ఓపెన్’ అనే ఇంగ్లీషు క్రియను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది ప్రాథమిక తరగతుల్లోనే నేర్పే మాట. అర్థం కష్టమైనది కాదు. తలుపును చూపి, తెరిచి చూపితే చాలు. ఇంత సులభమైన మాట దగ్గర, ఎన్నో ఏళ్లు చదువుకున్న చైనీయ అభ్యాసకుడు సైతం తడబడుతున్నాడంటే, ఆ తడబాటుకు కారణం మాట కష్టం కాదు, మాటను అందించిన తీరు అయివుండాలి. తెలుగు వ్యాకరణ, నిఘంటు శాస్త్రాలు చదివేవారికి ఈ చైనీయ ఉదాహరణతో ఏమి పని అన్న ప్రశ్నకు సమాధానం అయిదవ భాగంలో దొరుకుతుంది.

చైనీయ మాటలను తెలుగు లిపిలో రాయడం గురించి ఒక మాట. 1958లో చైనా ఆమోదించిన రోమన్ లిప్యంతరీకరణలో ‘జి’, ‘డి’ అక్షరాలతో రాసే ధ్వనులు నిజానికి నాదాలు కావు. అవి మన క, త లకు దగ్గరి అల్పప్రాణాలు. ‘కె’, ‘టి’ అక్షరాలతో రాసేవి మహాప్రాణాలు. అంటే చైనీయ భాష పాటించే భేదం సరిగ్గా మన క–ఖ, త–థ, చ–ఛ భేదమే. రోమన్ అక్షరాలను చూసి ‘డెంగ్’ అని రాయడం కన్నా, ఉచ్చారణను విని ‘తంగ్’ అని రాయడం మేలు. ఈ వ్యాసంలో ఆ పద్ధతినే పాటించాను. స్వరభేదాలను మాత్రం చూపలేదు.

2. ‘ఖాయ్’ – తలుపు నుండి దీపం దాకా

ఇంగ్లీషు–చైనీయ నిఘంటువుల్లో ‘ఓపెన్’ ఎదుట కనిపించే మొదటి మాటలు ‘ఖాయ్’, ‘తా ఖాయ్’. ఈ ‘ఖాయ్’ అర్థపరిధి ఎంత విస్తృతమైనదో చూస్తే సమస్య రూపం తెలుస్తుంది. ‘ఖాయ్ మన్’ అంటే తలుపు తెరవడం. ‘ఖాయ్ తంగ్’ అంటే దీపం వేయడం. ‘ఖాయ్ ఛ’ అంటే కారు నడపడం. ‘ఖాయ్ హ్వే’ సమావేశం జరపడం, ‘ఖాయ్ శ్యుయె’ బడులు తెరవడం, ‘ఖాయ్ హ్వా’ పువ్వు విచ్చుకోవడం. వైద్యుడు మందు రాసివ్వడం ‘ఖాయ్ యావ్’, శస్త్రచికిత్స చేయడం ‘ఖాయ్ తావ్’, తుపాకి పేల్చడం ‘ఖాయ్ ఛ్యాంగ్’, పరాచికమాడడం ‘ఖాయ్ వాన్ శ్యావ్’. మరిగిన నీటికి ‘ఖాయ్ ష్వే’ అని పేరు. ఇంగ్లీషులో వీటిలో రెండు మూడింటికి మాత్రమే ‘ఓపెన్’ చెల్లుతుంది.

పై జాబితాను చూసి ‘ఖాయ్’కు పది అర్థాలున్నాయని నిఘంటుకారుడు అంకెలు వేయవచ్చు. కాని చైనీయ వక్త మనసులో పది వేర్వేరు మాటలున్నాయని అనుకోవడానికి ఆధారం లేదు. ఇతర క్రియల తరువాత ఫలితబోధకంగా ‘ఖాయ్’ చేరే తీరును గమనిస్తే దాని ఉమ్మడి భావం బయటపడుతుంది. ‘థ్వే ఖాయ్’ అంటే తోసి తెరవడం. ‘ఫన్ ఖాయ్’ అంటే విడదీయడం. ‘లీ ఖాయ్’ అంటే విడిచి వెళ్లడం. వీటన్నింటిలో కలిసి ఉన్నది విడివడుతుంది, ఆగి ఉన్నది కదలుతుంది, అడ్డు తొలగుతుంది. బండి కదలడం, పువ్వు విడివడడం, నీరు తెర్లడం, సభ మొదలవడం ఈ భావం నీడలోనివే.

లిపి కూడా ఇదే చెబుతుంది. ‘ఖాయ్’ సంప్రదాయ లిపిరూపంలో రెండు తలుపు రెక్కల బొమ్మ ఉంటుంది. లోపలి భాగాన్ని అడ్డగడియగానూ, దాన్ని తొలగిస్తున్న రెండు చేతులుగానూ లిపిశాస్త్రజ్ఞులు వివరిస్తారు. దీనికి విరుద్ధార్థకమైన ‘క్వాన్’ అనే మాట మొదట తలుపుకు అడ్డంగా వేసే గడియమానునే సూచించింది. 1956 నాటి లిపి సరళీకరణలో ఈ రెండు అక్షరాలనుండీ తలుపు బొమ్మ తొలగిపోయింది. గడియ మిగిలింది, తలుపు పోయింది! విద్యుద్దీపం స్విచ్చిని చైనీయులు ‘ఖాయ్ క్వాన్’ అంటారు, అంటే ‘తీసి వేసేది’ అని. అందువల్ల ‘ఖాయ్ తంగ్’ అన్నప్పుడు తెరుచుకుంటున్నది దీపం కాదు, దీపానికి వెళ్లే దారి.

దీనికొక బలమైన సాక్ష్యం ఉంది. నూనెదీపాన్ని వెలిగించడానికి చైనీయులు ‘ఖాయ్’ వాడరు, ‘త్యెన్ తంగ్’ అంటారు. వత్తికి నిప్పు తాకించడం ఆ మాటలోని భావం. స్విచ్చి వచ్చిన తరువాతనే దీపం ‘ఖాయ్’ పరిధిలోకి వచ్చింది. ఇంగ్లీషులోని ‘టర్న్ ఆన్’ ఇందుకు భిన్నమైన పరికరాన్ని గుర్తుంచుకుంది. కుళాయి మరను తిప్పి నీటినో, ఆవిరినో, గ్యాసునో వదిలే చేష్ట ఆ పదబంధంలో నిలిచిపోయింది. ఇప్పుడు ఎవరూ దేనినీ తిప్పకపోయినా ‘టర్న్’ మిగిలే ఉంది. ఒక భాష గడియను, మరొక భాష కుళాయిని జ్ఞాపకం పెట్టుకున్నాయి. ఇందులో ఏది సరైన జ్ఞాపకం అన్న ప్రశ్నకు అర్థం లేదు.

ఇక్కడ భౌతికశాస్త్ర పాఠం ఒక వింతను చేర్చుతుంది. ప్రయోగశాలలో దీపం వెలగాలంటే వలయాన్ని మూయాలి. చైనా పాఠ్యపుస్తకాల్లో ‘పీ హ’ అనే క్రియతో, స్విచ్చిని మూస్తే దీపం వెలుగుతుందని రాస్తారు. అదే విద్యార్థి ఇంటికి వెళ్లి అదే స్విచ్చిని ‘ఖాయ్’ చేసి దీపం వేసుకుంటాడు. ఒకే చేష్టకు బడిలో మూయడం, ఇంట్లో తెరవడం. ఏ విద్యార్థీ దీనివల్ల అయోమయంలో పడడు. మాట ఏ సందర్భంలో ఏ వస్తువుతో వస్తున్నదో వాడికి తెలుసు. ఇంగ్లీషు విషయంలో వాడికి అందకుండా పోయింది ఈ రకమైన తెలివిడే.

3. నిఘంటువు ఏం చేస్తున్నది?

చైనాలో పాఠ్యపుస్తకాల చివర ఇంగ్లీషు మాట, దాని భాషాభాగం, చైనీయ అర్థం ఒకే వరుసలో ఉండే పదపట్టికలు ఉంటాయి. విద్యార్థి వాటిని కంఠస్థం చేస్తాడు. పరీక్షలకు ఇది పనికివస్తుంది. కాని ‘ఓపెన్ = ఖాయ్’ అన్న సమీకరణం రెండు వైపులా నడుస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని చదివేటప్పుడు ఎడమనుండి కుడికి నడిస్తే ప్రమాదం లేదు. ‘ఓపెన్ ది డోర్’ చదివి ‘ఖాయ్ మన్’ అనుకుంటాడు, అర్థమవుతుంది. రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు కుడినుండి ఎడమకు నడవవలసి వస్తుంది. ‘ఖాయ్ తంగ్’ మనసులో ఉంటుంది, ‘ఓపెన్ ది లైట్’ బయటికి వస్తుంది. పఠనానికి తయారైన పట్టికను రచనకు వాడుకోవడమే ఇక్కడి దోషం. ఆ దోషం పట్టికది. శిక్ష విద్యార్థికి పడుతున్నది.

మొదట్లో ఈ విషయాన్ని చర్చించిన పండితులు భాషాభేదాలపైనే దృష్టి పెట్టారు. రాబర్ట్ లాడో 1957లో ప్రచురించిన గ్రంథంలో మాతృభాషకు, నేర్చుకొనే భాషకు ఉన్న భేదాలను ముందుగా గుర్తిస్తే అభ్యాసకుల ఇబ్బందులను ఊహించవచ్చన్నాడు. పదేళ్ల తరువాత, 1967లో, ఎస్. పి. కార్డర్ దృష్టిని మార్చాడు. అభ్యాసకుడి తప్పులు తొలగించవలసిన చెత్త కాదు, అతని మనసులో తయారవుతున్న భాషావ్యవస్థకు సాక్ష్యాలు అన్నాడు. ‘ఓపెన్ ది లైట్’ను లాడో మార్గంలో చూస్తే అది మాతృభాష జోక్యం. కార్డర్ మార్గంలో చూస్తే అది ఒక పరికల్పన. నా అభిప్రాయంలో కార్డర్ చూపే ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే లాడో మార్గం ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేదు: ‘ఖాయ్ ఛ’ ఉన్నంత మాత్రాన ‘ఓపెన్ ది కార్’ అనే తప్పు ఎందుకు అంతగా నిలబడదు?

ప్రారంభదశ దాటిన అభ్యాసకుడు కారు నడపడాన్ని ‘డ్రైవ్’ అనే అంటాడు. కారణం సులభమే. ‘డ్రైవ్’ ఒక స్వతంత్రమైన మాట. పదపట్టికలో దానికి తన వరుస ఉంది. దీపానికి వచ్చేసరికి ఇంగ్లీషులో అలాంటి ఒంటి క్రియ లేదు. ‘టర్న్ ఆన్’, ‘స్విచ్ ఆన్’, ‘పుట్ ఆన్’ వంటి జంటమాటలున్నాయి. ఈ జంటమాటలను మధ్యస్థాయి చైనీయ అభ్యాసకులు తప్పించుకు తిరుగుతారని లియావ్, ఫుకుయా 2004లో ప్రచురించిన పరిశోధన చూపింది. తప్పించుకున్నవాడికి ఏదో ఒక మాట కావాలి కదా! ఆ ఖాళీలోకి ‘ఓపెన్’ వచ్చి కూర్చుంటుంది. అంటే తప్పు పుట్టడానికి రెండు భాషలూ బాధ్యత వహిస్తున్నాయి. చైనీయం దారి చూపింది, ఇంగ్లీషు ఆ దారికి అడ్డంగా స్పష్టమైన మాటను నిలపలేదు.

నాన్ జియాంగ్ 2002లో ప్రచురించిన ప్రయోగఫలితాలు సమస్య ఎంత లోతైనదో తెలుపుతాయి. ఒకే చైనీయ అనువాదం కలిగిన ఇంగ్లీషు పదాల జంటలను, వేర్వేరు అనువాదాలు కలిగిన జంటలను ఆయన పోల్చి చూశాడు. ‘ప్రాబ్లమ్’, ‘క్వశ్చన్’ అనే మాటలు రెండూ చైనీయంలో ‘వన్ థీ’యే. ఇలాంటి జంటలను చైనీయ అభ్యాసకులు అర్థంలో మరింత దగ్గరివిగా భావించారు, వేగంగా స్పందించారు. ఇంగ్లీషు మాతృభాషీయుల్లో ఈ తేడా కనిపించలేదు. పరీక్షకు వచ్చినవారు ప్రారంభదశవారు కారు, ఇంగ్లీషు బాగా వచ్చినవారే. ఏళ్ల తరబడి వాడిన తరువాత కూడా ఇంగ్లీషు మాట కింద చైనీయ అర్థమే పనిచేస్తున్నదని దీని తాత్పర్యం. ‘ఓపెన్’, ‘టర్న్ ఆన్’ల జంటకు ఈ సూత్రాన్ని అన్వయిస్తున్నది నేను. రెండింటికీ ‘ఖాయ్’ అనే ఒకే అనువాదం ఉండడం వల్ల ఈ అన్వయం అసంగతం కాదనుకుంటాను.

పరభాషీయ అభ్యాసకుల కోసమే నిఘంటువు తయారుచేయాలన్న ఆలోచన కొత్తది కాదు. ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు బోధిస్తూ, సహాధ్యాపకులతో కలిసి రూపొందించిన నిఘంటువు 1942లో అక్కడే వెలువడింది. తరువాత అదే ఆక్స్‌ఫర్డ్ అభ్యాసక నిఘంటువుగా ప్రపంచమంతా వ్యాపించింది. క్రియ ఏ రకమైన వాక్యనిర్మాణాల్లో వస్తుందో చూపడం దాని ప్రత్యేకత. చైనీయ వివరణలు చేర్చిన దాని ద్విభాషా ముద్రణలు చైనీయ విద్యార్థులకు బాగా పరిచితం. కాని ద్విభాషా ముద్రణలో ఒక విచిత్రం జరుగుతుంది. ఇంగ్లీషు వివరణ పొడవుగా ఉంటుంది, దాని పక్కన చైనీయ మాట పొట్టిగా ఉంటుంది. తొందరలో ఉన్న విద్యార్థి కన్ను ఎక్కడ ఆగుతుందో చెప్పనక్కరలేదు. హార్న్‌బీ శ్రమంతా ఆ పొట్టి మాట వెనుక దాగిపోతుంది.

అభ్యాసకుల రచనలు పోగుచేయడంలో చైనా వెనుకబడి లేదు. క్వే షిఛున్, యాంగ్ హ్వేచుంగ్ సంపాదకత్వంలో 2003లో వెలువడిన చైనీయ అభ్యాసకుల ఇంగ్లీషు పాఠసంచయంలో దాదాపు పది లక్షల మాటలున్నాయి. దోషాలకు గుర్తులు కూడా వేశారు. ఇంతటి సామగ్రి ఉండి కూడా పదపట్టికల రూపం మారకపోవడమే విమర్శించవలసిన విషయం. దోషాలను లెక్కించడం ఒక పని. ఆ లెక్కలను నిఘంటువు పుటలోకి తీసుకురావడం మరొక పని. రెండవ పని చేయనంతకాలం మొదటిది దోషాల జనాభా లెక్కగానే మిగులుతుంది.

4. తప్పా, తర్కమా?

‘ఓపెన్ ది లైట్’ చైనీయుల ప్రత్యేక దోషమే అయితే, చైనీయంతో ఏ సంబంధమూ లేనివారి నోట అది రాకూడదు. కాని వస్తుంది. శిశుభాషను పరిశీలించిన మెలిస్సా బౌవర్‌మన్ తన కూతురి మాటలను జాగ్రత్తగా నమోదు చేసింది. ఇంగ్లీషే మాతృభాషగా పెరుగుతున్న ఆ పాప అతుక్కున్న వస్తువులను విడదీయడానికీ, దీపం వేయడానికీ కూడా ‘ఓపెన్’ అన్నది. పెద్దల భాష గీసిన గీతను ఆ పాప ఇంకా నేర్చుకోలేదు. గీత లేని చోట మానవుని మనసు తెరవడం నుండి దీపం వేయడానికి సహజంగానే వెళ్లగలదని దీనివల్ల తెలుస్తున్నది.

ప్రౌఢభాషల్లోనూ ఇదే కనిపిస్తుంది. గ్రీకు, థాయ్, వియత్నామీ భాషల్లో తలుపుకూ దీపానికీ ఒకే క్రియ చెల్లుతుంది. మలయ్ భాషలోని ‘బుకా’ కూడా అంతే. సింగపూరులోనూ మలేషియాలోనూ వ్యావహారిక ఇంగ్లీషులో ‘ఓపెన్ ది లైట్’ నిలదొక్కుకోవడానికి చైనీయ మాండలికాలతోపాటు మలయ్ కూడా తోడయింది. అక్కడ అది అభ్యాసకుల తడబాటు కాదు, ఒక సమాజం మాట. ఒకే వాక్యం బీజింగ్ తరగతిలో ఎర్ర సిరా గుర్తుకు గురవుతుంది, సింగపూరు ఇంట్లో ఎవరి చెవికీ తగలకుండా సాగిపోతుంది.

ఈ సందర్భంలో మన శాస్త్రపరిభాష ఒకటి అక్కరకు వస్తుంది. వాక్యార్థం కుదరడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మీమాంసకులు, నైయాయికులు చెప్పారు. నిప్పుతో తడుపుతున్నాడు అన్న వాక్యంలో యోగ్యత లేదు. తడిపే శక్తి నిప్పుకు లేదు కాబట్టి ఆ వాక్యం ప్రమాణం కాదు. ‘ఓపెన్ ది లైట్’ ఈ కోవలోకి వస్తుందా? రాదు. దీపానికి దారి తెరవడం వస్తుస్వభావానికి విరుద్ధం కాదని గ్రీకులు, థాయ్‌లు, వియత్నామీయులు నిత్యం నిరూపిస్తూనే ఉన్నారు. ఇక్కడ లోపించింది యోగ్యత కాదు, రూఢి. యోగ్యత వస్తువులకు సంబంధించింది. రూఢి సమాజానికి సంబంధించింది. యోగ్యతాలోపాన్ని ఆలోచనతో సరిదిద్దుకోవచ్చు. రూఢిలోపాన్ని ఎంత ఆలోచించినా సరిదిద్దుకోలేం, ఎవరో ఒకరు చెప్పవలసిందే. బోధకులు చాలామంది రూఢిలోపాన్ని యోగ్యతాలోపంగా చూసి, విద్యార్థి ఆలోచనలోనే ఏదో తప్పున్నట్లు మాట్లాడతారు. ‘దీపానికి తలుపుందా, తెరవడానికి?’ అని నవ్వే ఉపాధ్యాయుడు భాష నేర్పడం లేదు. ‘టర్న్ ఆన్’ అనడానికి దీపాన్ని ఎవరైనా తిప్పుతున్నారా అని ఆ విద్యార్థి తిరిగి అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు.

5. తెలుగు వైపు నుండి

చైనీయంలో ‘ఖాయ్ – క్వాన్’ జంట తలుపుకూ దీపానికీ ఒకే దిశలో నడుస్తుంది. తెరిస్తే తలుపు తెరుచుకుంటుంది, దీపం వెలుగుతుంది. మూస్తే తలుపు మూసుకుంటుంది, దీపం ఆరుతుంది. మన వాడుకభాషలో పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. ‘తలుపు తీయి’ అంటే తెరవమని, ‘తలుపు వేయి’ అంటే మూయమని. ‘లైటు వేయి’ అంటే వెలిగించమని, ‘లైటు తీసేయి’ అంటే ఆర్పమని. తలుపును మూసే క్రియే దీపాన్ని వెలిగిస్తున్నది. తలుపును తెరిచే క్రియే దీపాన్ని ఆర్పుతున్నది! రోజూ ఈ నాలుగు మాటలూ పలుకుతూ ఇందులోని వైపరీత్యాన్ని మనం గమనించం.

ఇది ఎలా వచ్చింది? తలుపు విషయంలో ‘తీయు’, ‘వేయు’ క్రియల అసలు కర్మ తలుపు కాదు, గడియ. గడియ తీస్తే తలుపు తెరుచుకుంటుంది, గడియ వేస్తే మూతపడుతుంది. చైనీయ లిపిలో కనిపించిన అదే గడియ మన క్రియల్లో దాగి ఉంది. దీపం విషయంలో అసలు కర్మ స్విచ్చి. స్విచ్చిని కిందికి వేయడం నుండి లైటు వేయడం వచ్చిందని ఊహించవచ్చు. గడియను వేసినప్పుడు దారి మూసుకుపోతుంది, స్విచ్చిని వేసినప్పుడు దారి ఏర్పడుతుంది. చైనీయులు స్విచ్చిని గడియలా భావించి ‘ఖాయ్’ అన్నారు. మనం స్విచ్చిని స్విచ్చిగానే చూసి ‘వేయి’ అన్నాం. నూనెదీపాన్ని మనం ఎప్పుడూ ‘వేయలేదు’, పెట్టాం, వెలిగించాం. అక్కడి ‘త్యెన్’కూ ‘ఖాయ్’కూ ఉన్న భేదమే ఇక్కడ ‘వెలిగించు’కూ ‘వేయు’కూ ఉంది.

కుళాయి దగ్గర మరో జంట వస్తుంది. ‘పంపు విప్పు’, ‘పంపు కట్టేయి’ అని అంటారు. ముడికి సంబంధించిన ఈ క్రియలు నీటినుండి ఫ్యానుకూ టీవీకీ కూడా పాకాయి. ‘టీవీ కట్టేయి’ అంటాం. అయితే టీవీని ‘విప్పు’ అని ఎవరూ అనరు, అంటే విడిభాగాలుగా ఊడదీయమనే అర్థం వస్తుంది. జంటలో ఒక క్రియ ప్రయాణం చేసింది, రెండవది ఇంటి దగ్గరే ఆగిపోయింది. ఏ తర్కమూ దీన్ని ముందుగా ఊహించలేదు.

‘తీయు’ క్రియ ‘ఖాయ్’కు దూరంగానే ఉన్నదని కూడా అనుకోరాదు. కొట్టు తీశారు, బండి తీశాడు అంటాం. కొట్టు తెరవడం, బండిని కదిలించడం ‘ఖాయ్’ పరిధిలోనివే. బడులు తెరిచారన్న మన మాటకూ ‘ఖాయ్ శ్యుయె’కూ తేడా లేదు. ఖాతా తెరవడం మాత్రం ఇంగ్లీషునుండి దిగుమతి అయినట్లు కనిపిస్తున్నా, చైనీయంలోనూ అచ్చం అలాగే ‘ఖాయ్ హూ’ అంటారు. ఇన్ని చోట్ల కలిసివచ్చిన తరువాత ఒక్క దీపం దగ్గర రెండు భాషలూ ఎదురెదురు దిక్కులకు తిరిగాయి. తెలుగు నేర్చుకొనే ఒక చైనీయుడిని ఊహించుకుందాం. తలుపు, కొట్టు, బండి – మూడు చోట్ల ‘తీయు = ఖాయ్’ అన్న సమీకరణం నెగ్గింది. నాలుగోసారి చీకటి పడుతుండగా ‘లైటు తీయండి’ అంటాడు. ఎదుటివారు ఉన్న వెలుగును కాస్తా ఆర్పేస్తారు. ‘ఓపెన్ ది లైట్’ విన్నవారు నవ్వుకున్నా పని చేసిపెడతారు. ఈ వాక్యం విన్నవారు వ్యతిరేకమైన పని చేస్తారు. సమానార్థక పద్ధతి ఎంత దూరం తీసుకువెళ్లగలదో చూపడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

మన విద్యార్థులు ఇంగ్లీషులో ‘ఓపెన్ ది లైట్’ అనరు. వారి పొరపాటు వేరు. ‘పుట్ ది ఫ్యాన్’ అంటారు, లేదా ‘ఆన్ ది లైట్’ అంటారు. మొదటిది ‘వేయు’ నుండి వచ్చింది. రెండవది ‘ఆన్ చేయు’ అనే మన కొత్త క్రియలోని ‘చేయు’ను విడిచిపెట్టడం వల్ల వచ్చింది. చైనీయుడి తప్పును చూసి నవ్వే హక్కు మనకు లేదన్న మాట అటుంచి, రెండు తప్పుల నిర్మాణమూ ఒకటేనని గుర్తించడం ముఖ్యం.

6. ‘ఓపెన్’, ‘ఓపెన్డ్’

మరొక చిన్న చిక్కు. ‘దుకాణం మూసి ఉంది’ అనడానికి ఇంగ్లీషులో ‘క్లోజ్డ్’ అంటారు. అదే తీరున ‘తెరిచి ఉంది’ అనడానికి ‘ఓపెన్డ్’ అనాలి కదా! కాని అక్కడ ‘ఓపెన్’ అనే విశేషణమే చెల్లుతుంది. చైనీయంలో ‘ఖాయ్ చ’, ‘క్వాన్ చ’ అనే స్థితిరూపాలు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. (‘ఖాయ్ ఛ’ కారు నడపడం, ‘ఖాయ్ చ’ తెరిచి ఉండడం, స్వరభేదం మాట ఎలా ఉన్నా, చ–ఛ భేదం పాటించే మన లిపికి ఇక్కడ ఒక చిన్న విజయం.) తెలుగులో ‘తెరిచి ఉంది’, ‘మూసి ఉంది’ కూడా అంతే సమంగా ఉంటాయి. కనుక ‘ది షాప్ ఈజ్ ఓపెన్డ్’ అనే దోషం రెండు భాషలవారిలోనూ సహజమే. సకర్మక, అకర్మక భేదంలో మాత్రం చైనీయుడికి మనకన్నా సౌకర్యం ఉంది. ‘తెరచు’, ‘తెరుచుకొను’ అని మనం విడదీసే చోట చైనీయం, ఇంగ్లీషు రెండూ ఒకే రూపంతో సరిపెట్టుకుంటాయి.

7. ఆరోపం ఎలా ఉండాలి?

జె. ఆర్. ఫర్త్ 1951లో పదసాహచర్యాన్ని అర్థంలో ఒక భాగంగా ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను అంగీకరిస్తే ‘ఓపెన్’ ఆరోపంలో ముందుగా రావలసింది సమానార్థకం కాదు, కర్మల గుంపులు. లోపల, బయట అనే భేదం ఉన్న వస్తువులు – తలుపు, పెట్టె, సీసా, పుస్తకం, కన్ను, నోరు – ఒక గుంపు. వీటన్నింటికీ ‘ఓపెన్’ చెల్లుతుంది, చైనీయంలో మాత్రం మాటలు మారుతాయి. నోటికి ‘చాంగ్’, కంటికి ‘చంగ్ ఖాయ్’, వచ్చిన పార్సెలుకు ‘ఛాయ్’. అంటే ‘ఖాయ్’ ఎదురుగా లేని చోట కూడా ‘ఓపెన్’ వాడవచ్చునని విద్యార్థికి చెప్పాలి. అతివాడకాన్ని గురించి ఇంత మాట్లాడే మనం ఈ అల్పవాడకాన్ని పట్టించుకోం. కొట్టు, ఖాతా, సభ వంటి వ్యవహారాలు రెండవ గుంపు. ఆ తరువాత, గీత గీసి, చెల్లని కర్మలను పేరు పెట్టి చెప్పాలి: దీపం, టీవీ, కారు. చెల్లే చోటు చెప్పడం నిఘంటువు ధర్మమనీ, చెల్లని చోటు చెప్పడం ఉపాధ్యాయుడి పని అనీ ఒక అభిప్రాయం ఉంది. అది స్వభాషీయుల కోసం చేసే నిఘంటువుకు సరిపోతుంది. చెల్లదని స్వభాషీయుడికి ముందే తెలుసు. పరభాషీయుడికి చెల్లని చోటే అసలు సమాచారం.

దీనికి స్థలం చాలదన్న అభ్యంతరం అచ్చు నిఘంటువుల నాటిది. తెర మీది నిఘంటువుకు ఆ ఇబ్బంది లేదు. మరింత గట్టి అభ్యంతరం ఒకటుంది: సింగపూరు వాడుకను నిఘంటువు ఏమనాలి? తప్పు అని కాకుండా, ఫలానా చోటి వ్యవహారం అని ప్రాంతసంకేతం వేయాలి. మన మాండలిక పదకోశాల్లో ప్రాంతనామాలు ఇచ్చే పద్ధతి ఎప్పటినుండో ఉన్నదే.

తెలుగు క్రియలకు ఈ పని కొంత జరిగింది. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వాడుకలోని పదబంధాలను చేర్చాడు. 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు ఆధునిక వ్యవహారానికి అదే పని చేసింది. అయితే ఆ రెండూ తెలుగును చదివి అర్థం చేసుకొనేవారికి ఉపకరించేవి. తెలుగులో మాట్లాడవలసిన పరభాషీయుడికి ‘తీయు’ ఆరోపం మరోలా ఉండాలి. తలుపు, గడియ, తాళం, కొట్టు తీయడం తెరవడం కిందికి వస్తాయి. బండి తీయడం కదిలించడం కిందికి వస్తుంది. లైటు, ఫ్యాను తీసేయడం ఆపడం కిందికి వస్తాయి; ఇక్కడ ‘వేయు’ చూడమని సూచన ఉండాలి. ‘వేయు’ ఆరోపంలో తలుపు పక్కనే లైటు ఉండాలి, రెండింటి మధ్య దిశ మారిందని ఒక గుర్తు ఉండాలి. బట్టలు, ఫొటో, సినిమా, పరుగు, గుంజిళ్లు తీయడం వేరే గుంపులు, వాటి లెక్క వేరుగా తేల్చవలసి ఉంది.